వేడి చేసిందనుకున్నాం

రాత్రి పదిన్నరకి మా పిల్లి చింటు ఇసుక ట్రేలోకి వెళ్లాడు. ముందుకాళ్లతో గొయ్యి తీసుకుని, తోక ఎత్తి కూర్చున్నాడు. చాలాసేపు అలాగే ఉండి లేచి, పద్ధతిగా ఇసుక కప్పి వచ్చాడు. వెళ్లి చూస్తే అక్కడ తడి లేదు. పది నిమిషాలకి మళ్లీ అదే. మూడోసారి ట్రే వదిలేసి బాత్‌రూమ్ గచ్చు మీద కూర్చున్నాడు. తెల్లటి టైల్ మీద రెండే చుక్కలు పడ్డాయి. ఒకటి లేత గులాబీ రంగులో ఉంది. ఆ తర్వాత ఓ మూలకి పోయి, వెనకకాలు పైకెత్తి, కింద అదేపనిగా నాక్కుంటూ ఉండిపోయాడు.

అమ్మ చూసి, "ఎండలు కదరా, వేడి చేసినట్టుంది. కాస్త మజ్జిగ పట్టు, తెల్లారేసరికి సర్దుకుంటుంది" అంది. నాకూ నిజమే అనిపించింది. మన ఇళ్లలో మూత్రం మంటంటే వేడి చేయడమే. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ మనం తాగి తేరుకున్నవే. చింటు మజ్జిగ ముట్టలేదు. అర్ధరాత్రి దాటాక ట్రేలో కూర్చుని, నేనెప్పుడూ వినని గొంతుతో సాగదీసి అరిచాడు. దొడ్డికి రావడం లేదేమో, మలబద్ధకమేమో అని కూడా అనుకున్నాం. ఉదయం ఏడింటికి తెల్లటి నురగ కక్కాడు.

తొమ్మిదింటికి వాడు పశువైద్యుడి బల్ల మీద ఉన్నాడు. ఆయన పొట్ట కింద చేయి పెట్టి తడిమి, ఒకే ప్రశ్న అడిగారు. "ఆఖరిసారి మామూలుగా మూత్రం ఎప్పుడు పోశాడండీ?" నేను చెప్పలేకపోయాను. ఆయన నా వేళ్లు పట్టుకుని వాడి పొట్టకి మెల్లగా ఆనించారు. లోపల చిన్న బత్తాయంత గట్టి ఉండ తగిలింది. అది నిండిపోయి బయటికి దారి లేక బిగిసిన మూత్రాశయం. మేం వేడి చేసిందనుకుని గడిపిన రాత్రంతా అది నిండుతూనే ఉంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రాత్రే. పిల్లుల్ని పెంచే ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలా అయ్యాయి. నా దగ్గరా ఉందని చెప్పేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్లో ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. గండుపిల్లి మళ్లీ మళ్లీ కూర్చుంటూ మూత్రం పోయలేకపోతే అది ఆ క్షణంలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బని మాత్రం వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

మూత్రాశయం నుంచి బయటికి వచ్చే గొట్టాన్ని స్కూలు పుస్తకాల్లో ప్రసేకం అని చదువుకున్నాం. ఆడపిల్లిలో అది పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. మగపిల్లిలో పొడుగ్గా ఉండి, చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. మూసుకుపోయిన దారి తెరవడానికి డాక్టర్లు మామూలుగా వాడే క్యాథటర్ మందం 1.2 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటుంది. అదైనా తేలిగ్గా దూరదు. అంత సన్నటి దారిలో బియ్యపు నూకంత రాయి చాలు అడ్డం పడడానికి. చాలాసార్లు రాయి కూడా ఉండదు. వాచిన మూత్రాశయం గోడల నుంచి ఊడిన జిగురు, సన్నటి స్ఫటికాలు కలిసి పేస్టులా ముద్దకట్టి బిరడాలా బిగుసుకుంటాయి. నొప్పికి ఆ గొట్టం చుట్టూ కండరాలు ముడుచుకుంటే ఉన్న కాస్త సందూ పోతుంది.

దారి మూసుకున్నంత మాత్రాన మూత్రం తయారవడం వెంటనే ఆగదు. మూత్రాశయం నిండుతుంది, ఆ ఒత్తిడి వెనక్కి కిడ్నీల దాకా పాకుతుంది, కిడ్నీలు వడపోత మానేస్తాయి. బయటికి పోవలసిన యూరియా, ఆమ్లాలు, పొటాషియం రక్తంలోనే పేరుకుంటాయి. వీటిలో ప్రాణం మీదికి తెచ్చేది పొటాషియం. గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్ సంకేతాల లయని అది చెడగొడుతుంది. మామూలుగా భయపడ్డ పిల్లి గుండె ఆసుపత్రిలో నిమిషానికి 200 దాకా కొట్టుకుంటుంది. ఈ స్థితిలో ఉన్న పిల్లి ఎంత బెదిరినా గుండె నెమ్మదిస్తూ పోతుంది. పూర్తిగా మూసుకుపోయాక 24 గంటలు దాటితే ప్రమాదం ముదురుతుంది, 48 గంటలకి పిల్లి వాలిపోతుంది, మూడు రోజులలోపే ప్రాణం పోవచ్చు. పొద్దున్న చూద్దాంలే అనుకోవడానికి ఇందులో చోటు లేదు.

డాక్టర్లు ముందు గుండెని కాపాడతారు. సెలైన్ ఎక్కించి, అవసరమైతే కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చి, గ్లూకోజ్, ఇన్సులిన్‌లతో పొటాషియాన్ని కణాల్లోకి నెడతారు. ఆ తర్వాత మత్తు ఇచ్చి క్యాథటర్ వేసి బిరడాని వెనక్కి తోసి దారి తెరుస్తారు. చింటుకి తెరిచాక సీసాలోకి వచ్చింది టీ డికాషన్ రంగు నీళ్లు. అప్పుడు మొదలైన మరో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. అడ్డు తొలగగానే కిడ్నీలు గేట్లెత్తిన ప్రాజెక్టులా మూత్రాన్ని వదులుతాయి. అందుకు తగ్గట్టు సెలైన్ ఎక్కించకపోతే బతికిన పిల్లి నీరు చాలక మళ్లీ పడిపోతుంది. అందుకే క్యాథటర్ పెట్టి రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచమంటారు. బిల్లు పెంచడానికని దాన్ని అనుమానించకండి.

ఇంత జబ్బు పిల్లికే ఎందుకు? దీనికి జవాబు దాని పుట్టిల్లు. మనింటి పిల్లి పూర్వీకుడు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల్లో తిరిగే అడవిపిల్లి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే ఒక పిల్లిని పూడ్చిన ఆనవాళ్లు దొరికాయి. అంటే అప్పటికే అది మనిషి పంచకి చేరింది. అయినా దాని కిడ్నీలు ఎడారి కిడ్నీలుగానే మిగిలాయి. ఎలకని తింటే దాని ఒంట్లో ఉన్న 70 శాతం నీరే పిల్లికి తాగునీరు. ఆ నీటిలో చుక్క వృథా కాకుండా మూత్రాన్ని పిండి పిండి చిక్కగా చేసే శక్తి పిల్లికి ఉంది. ఆ చిక్కదనంలో మనిషి దానికి సాటిరాడు. 1959లో ఎ.వి. వుల్ఫ్ బృందం పిల్లులకి సముద్రపు నీరు తాగించి, దానితోనే అవి తేరుకోగలవని చూపించింది. మనిషి అదే పని చేస్తే చచ్చిపోతాడు.

అంత గొప్ప కిడ్నీకి మూల్యం ఒకటుంది. దాహం ఆలస్యంగా వేస్తుంది. ఎలకలు తినే పిల్లికి ఇది లోటు కాదు. పొడి గుళికలు తినే పిల్లికి లోటే. లెక్క చూడండి. నాలుగు కిలోల పిల్లికి రోజుకి దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. డబ్బాలో వచ్చే తడి ఆహారం పావుకిలో దాకా తింటే ఆ నీళ్లు దాదాపుగా అందులోనే వస్తాయి. అదే శక్తి కోసం పొడి గుళికలు 60 గ్రాములు తింటే అందులో నీళ్లు చెంచాడు. మిగతాదంతా గిన్నెలోంచి తాగాలి. పిల్లి కొంత తాగుతుంది గానీ లోటంతా పూడదు. చిక్కటి మూత్రం గంటలకొద్దీ మూత్రాశయంలో నిలిచి ఉంటే అందులోని లవణాలు స్ఫటికాలు కట్టడం మొదలెడతాయి.

ఆ స్ఫటికాల్లో ఎక్కువగా కనబడేది స్ట్రూవైట్. దాని పేరు వెనక కథ నాకు చాలా ఇష్టం. 1842లో జర్మనీలోని హాంబర్గ్ నగరం తగలబడింది. కాలిపోయిన సెయింట్ నికొలస్ చర్చిని తిరిగి కట్టడానికి పునాదులు తవ్వుతుంటే, ఏనాటిదో పశువుల పేడ కలిసిన మట్టిలో మెరిసే స్ఫటికాలు బయటపడ్డాయి. 1845లో ఉలెక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వాటిని పరీక్షించి, ఖనిజాలంటే ప్రాణమిచ్చే రష్యన్ దౌత్యవేత్త స్ట్రూవే పేరు పెట్టాడు. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన ఆ ఖనిజమే మన పిల్లి పొట్టలో తయారవుతోంది. మైక్రోస్కోపులో చూస్తే పెంకుటింటి కప్పులా రెండు వైపులా వాలిన పలకల్లా ఉంటుంది. మూత్రం క్షారంగా ఉంటే ఇది పెరుగుతుంది, కాస్త ఆమ్లంగా, పల్చగా మారితే కరుగుతుంది. అందుకే స్ట్రూవైట్ రాళ్లని చాలాసార్లు ఆపరేషన్ లేకుండా, ప్రత్యేకంగా తయారుచేసిన ఆహారంతో కొన్ని వారాల్లోనే కరిగించగలుగుతారు. మూత్రం దారి మూసుకుపోయిన పిల్లికి మాత్రం ముందు దారి తెరవాలి.

ఇది తెలిశాక 1980లలో క్యాట్ ఫుడ్ కంపెనీలు మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చే ఆహారాలు తెచ్చాయి. స్ట్రూవైట్ తగ్గింది, దాని స్థానంలో కాల్షియం ఆక్సలేట్ రాళ్లు పెరిగాయి. 1981లో మొదలై అమెరికాలో లక్షల రాళ్లని పరీక్షించిన మిన్నెసోటా విశ్వవిద్యాలయ కేంద్రం లెక్కల్లో ఈ మార్పు స్పష్టంగా కనబడింది. ఆక్సలేట్ ఏ ఆహారానికీ కరగదు, తీసేయాల్సిందే. అందుకే ఫలానా ఫుడ్ పెట్టండి, రాళ్లు పోతాయి అని పక్కింటివాళ్లు చెప్పింది మీ పిల్లికి కుదరకపోవచ్చు. రాయి ఏదో తెలిశాకే ఆహారం ఏదో తేలుతుంది.

రాయీ కనబడదు, సూక్ష్మక్రిములూ కనబడవు. అయినా పిల్లి నెత్తుటి చుక్కలు పోస్తుంది, పది నిమిషాలకోసారి ట్రేకి పరుగెడుతుంది. మూత్రం ఇబ్బందితో వచ్చే పిల్లుల్లో సగానికి పైగా ఈ కోవలోవే. కారణం తేలని మూత్రాశయ వాపు అంటారు దీన్ని. ఓహియో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ దీని వెంట దశాబ్దాలు పడ్డారు. ఈ పిల్లుల్లో జబ్బు మూత్రాశయంలో మొదలవడం లేదని ఆయన బృందం చూసింది. భయం, బెదురు కలిగినప్పుడు ఒంట్లో ఉరికే నోరడ్రినలిన్ వీటిలో హద్దు దాటి ఉంటుంది. మూత్రాశయం లోగోడకి రక్షణగా ఉండే పల్చటి జిగురు పొర దెబ్బతిని, చిక్కటి మూత్రం నేరుగా నరాలకి తగులుతుంది. పుండు మీద ఉప్పు పడ్డట్టే. 2011లో ఆయన ఈ స్థితికి పాండోరా సిండ్రోమ్ అని పేరు పెట్టారు. పొట్ట, చర్మం వంటివి కూడా కలిసి బాధపడుతుంటాయని, మూత్రాశయం ఒక్కదాన్నే పట్టుకుని వైద్యం చేస్తే చాలదని ఆయన వాదన.

అదే ఏడాది వాళ్ల బృందం ఇంకొకటి చూపించింది. పిల్లులకి అన్నం పెట్టే మనిషి మారినా, వేళ తప్పినా, జబ్బున్న పిల్లులే కాదు, ఆరోగ్యంగా ఉన్నవి కూడా తిండి తగ్గించడం, వాంతి చేసుకోవడం, ట్రే బయట పోయడం ఎక్కువైంది. అంతకుముందు 2006లో 46 పెంపుడు పిల్లుల ఇళ్లలో పరిస్థితులు మార్చి పది నెలలు గమనించారు. దాక్కునే చోట్లు, ఎక్కి కూర్చునే ఎత్తులు, ఆట, తగినన్ని ట్రేలు కల్పించారు. మూత్రం బాధలు గణనీయంగా తగ్గాయి. ఇది చదివాక నేను ఆ నెల క్యాలెండర్ తీసి చూశాను. చెల్లెలి పెళ్లికి పదకొండు మంది చుట్టాలు వారం రోజులు మా ఇంట్లో ఉన్నారు. చింటు ట్రే ఉండే బాల్కనీలో పరుపులు వేసి, ట్రేని వాషింగ్ మెషీన్ పక్కకి జరిపాం. వాడు పగలంతా మంచం కింద ఉండేవాడు. పై అంతస్తులో డ్రిల్లింగ్ కూడా అప్పుడే. దీపావళి టపాసులకి, ఇల్లు మారినప్పుడు, కొత్త పిల్లిని తెచ్చినప్పుడు, గోడ మీదికి వీధి గండుపిల్లి రోజూ వచ్చి కూర్చున్నప్పుడు మీ పిల్లి ఏం చేసిందో గుర్తు చేసుకోండి.

ఈ వాపు ఒక వారంలో దానంతటదే చాలావరకు తగ్గుతుంది. అక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. యాంటిబయాటిక్ ఐదు రోజులు వాడితే తగ్గిందండీ అంటారు. వాడకపోయినా తగ్గేది. వయసులో ఉన్న పిల్లుల మూత్రంలో బాక్టీరియా దొరకడం అరుదు. పదేళ్లు దాటిన వాటిలో, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాటిలో ఎక్కువ. కాబట్టి మందు రాసే ముందు మూత్రం పరీక్ష చేయిద్దామా అని డాక్టర్ని అడగడంలో తప్పు లేదు. పిల్లికి ఆ వారంలో నిజంగా కావలసింది నొప్పి తగ్గే మందు. మూత్రాశయం మండుతుంటే అది మనిషికి ఎంత బాధో దానికీ అంతే. నోరు లేదు కాబట్టి మనం మర్చిపోతాం.

నొప్పి మందు అన్నాను కదా అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క చేసి వేయకండి. మన కాలేయం ఆ మందుని విరిచి బయటికి పంపే మార్గం పిల్లి కాలేయంలో సరిగ్గా లేదు. ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. మూత్రం మంటకి మనం తాగే తియ్యటి సిరప్ కూడా వద్దు. అది మూత్రాన్ని క్షారంగా మార్చి, స్ట్రూవైట్‌కి మేలు చేస్తుంది. సిరంజితో బలవంతంగా నీళ్లు పడితే మూసుకున్న దారి తెరుచుకోదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం మాత్రం ఉంది. పొట్ట నొక్కి మూత్రం రప్పించాలని అస్సలు చూడకండి. బిగిసిన మూత్రాశయం పగిలిపోవచ్చు.

ఏది అత్యవసరం, ఏది రేపటిదాకా ఆగుతుంది అన్నది తెలియాలంటే ట్రేని చూడటం అలవాటు చేసుకోవాలి. ఇప్పుడు మార్కెట్లో దొరికే ఉండకట్టే లిట్టర్ బెంటొనైట్ మట్టి. మన దేశంలో అది కచ్ఛ్ వైపు విరివిగా దొరుకుతుంది. తడి తగలగానే ముద్ద కడుతుంది కాబట్టి పిల్లి ఎన్నిసార్లు, ఎంత పోసిందో లెక్క అక్కడే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి రోజుకి రెండు నుంచి నాలుగు ఉండలు, ఒక్కోటి కోడిగుడ్డంత లేదా కాస్త పెద్దగా వస్తాయి. గోళీలంత ఉండలు పది కనబడితే వాపో రాయో ఉన్నట్టు, ఆ రోజే చూపించాలి. మగపిల్లి పదేపదే కూర్చుంటున్నా ఉండే లేకపోతే అర్ధరాత్రయినా బయల్దేరాలి. దీనికి భిన్నంగా ఉండలు బంతులంతై, నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవుతుంటే వయసు మళ్లిన పిల్లిలో కిడ్నీ జబ్బునీ షుగర్‌నీ అనుమానించాలి. అది వేరే కథ, రక్తపరీక్ష కావాలి. ఇక నిలబడి తోక వణికిస్తూ గోడ మీదికి చిమ్మడం ఎక్కువగా ఎల్లలు గీసుకునే గండుపిల్లి పని. ఆపరేషన్ చేయిస్తే చాలావరకు మానుతుంది. పిల్లి సోఫా మీద పోస్తే అది పగ తీర్చుకోవడం కాదు. ట్రేలో కూర్చుంటే నొప్పి పుడుతోంది కాబట్టి ట్రే అంటేనే భయం పుట్టి మెత్తటి చోటు వెతుక్కుంటోంది. దాన్ని కొడితే ఆ భయం రెండింతలవుతుంది.

పిల్లిని ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే తెలుసుకుని పెట్టుకోండి. చిన్న ఊళ్లలో పశువుల ఆసుపత్రుల్లో పిల్లికి సరిపోయే క్యాథటర్ ఉండకపోవచ్చు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు పెంపుడు జంతువుల్ని కూడా చూస్తాయి. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ మీకు ఎంత దూరంలో ఉందో పిల్లి బాగున్న రోజునే ఫోన్ చేసి కనుక్కోండి. ఫోన్‌లో రెండే మాటలు చెప్పాలి. "మగపిల్లి, మూత్రం రావడం లేదు." ఆ మాట వింటే ఏ డాక్టరూ రేపు తీసుకురండి అనరు.

చింటు నాలుగో రోజు ఇంటికొచ్చాడు. మళ్లీ మూసుకుపోయే ప్రమాదం మొదటి వారంలోనే ఎక్కువ. పదేపదే అలా జరిగితే సన్నటి చివరి భాగం తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉందని డాక్టర్ చెప్పారు. మా వాడికి అక్కడిదాకా రాలేదు. గుళికలు మాన్పించి తడి ఆహారానికి మార్చడానికి మూడు వారాలు పట్టింది. మొదట గుళికల్లో చెంచాడు కలిపి, రోజూ కొంచెం కొంచెం పెంచాం. చేప ఉడికించిన నీళ్లు వాడికి ప్రాణం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా వేరే గిన్నెలో అమ్మే ఉడికిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టాం, అన్నం గిన్నె పక్కన కాకుండా. ఒక్క పిల్లికి రెండు ట్రేలు పెట్టాం. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ఉండాలని వైద్యుల లెక్క. ఒకటి పాత బాల్కనీ మూలకే తిరిగి వెళ్లింది.

ఆ వారమంతా రాత్రి రెండింటికీ ఐదింటికీ అలారం పెట్టుకుని లేచి టార్చి వేసి చూసేవాణ్ణి. ఐదో రాత్రి నాకంటే ముందే అమ్మ లేచి బాల్కనీలో కూర్చుని ఉంది. జల్లెడ గరిటెతో ఇసుక తిప్పి, ఉండని పైకెత్తి నాకు చూపించింది. "గుడ్డంత ఉందిరా" అంది.